తాళం కన్నంలో కందిరీగ

పురుగును ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్ కంటే మనిషికి ఎక్కువ మేలు చేసిన వస్తువు ఈ పదేళ్ళలో రాలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీరు నవ్వితే నవ్వండి. నవ్వుతున్నారంటే మీ ఇంట్లో పురుగులు లేవన్నమాట. అంటే మీరు సరిగ్గా చూడలేదన్నమాట.

పూర్వం పురుగు కనిపిస్తే మనిషికి రెండే దారులు. చెప్పు తీయడం, లేదా పరుగు తీయడం. ఎంత అనాగరికం! ఇప్పుడు మూడో దారి దొరికింది. దగ్గరికి వెళ్ళి, ఊపిరి బిగపట్టి, ఫోటో తీసి, అది కుట్టేలోపు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవచ్చు. కుట్టిన పురుగు పేరు తెలిసి ఏడవడానికీ తెలియక ఏడవడానికీ చాలా తేడా ఉంది. మొదటిది చదువుకున్నవాడి ఏడుపు.

మా వీధిలో ఒకాయన సాంబారన్నంలో కనిపించిన నల్లటిదేమిటో యాప్‌ను అడిగాడు. పెంకుపురుగు, ఎనభై రెండు శాతం అని చెప్పింది. తీరా అది మాడిన ఆవగింజ. అయితేనేం, ఆయన ఆ పూట అన్నం మానేశాడు. డాక్టరు ఆరు నెలలుగా మొత్తుకుంటున్న పని యాప్ అరనిమిషంలో చేసింది! ఇంకొకాయన నిద్రపోతున్న బావమరిది మీసాన్ని ఫోటో తీస్తే గొంగళిపురుగు అన్నదట. చేత్తో తాకవద్దు, దూరంగా ఉంచండి అని సలహా కూడా ఇచ్చిందట. బావమరిది గురించి ఇంత నిజం చెప్పగల చుట్టం ఎవరున్నారు?

ఇవన్నీ చిల్లర ఉదాహరణలు. నా వాదనకు అసలైన సాక్ష్యం చిత్తూరులో ఉన్న మునిప్రసాద్. అతని ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. విన్నాక మీరే ఆ యాప్‌కు దండం పెడతారు.

మునిప్రసాద్‌కు చిత్తూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు అంగడి ఉంది. పగిలిన స్క్రీన్లు మారుస్తాడు, నీళ్ళలో పడ్డ ఫోన్లకు ప్రాణం పోస్తాడు. అందుకని ఫోను చెప్పిన మాటను అనుమానించడం అతనికి చేతకాదు. అన్నం పెట్టేదాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

అతని తండ్రి మునిరామయ్య కోర్టులో బంట్రోతుగా ముప్పై ఒక్క ఏళ్ళు వాదిప్రతివాదుల పేర్లు మూడేసి సార్లు పిలిచి రిటైరయ్యాడు. ఇప్పటికీ కాఫీ కావాలంటే భార్య పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఏ తగువైనా ఇరుపక్షాలూ విని వాయిదా వేయడమే ఆయన ఎరిగిన న్యాయం. తల్లి మునెమ్మకు వాయిదాలు గిట్టవు. ఆవిడ ముందు తీర్పు ఇచ్చేసి, తీరికగా వాదనలు వింటుంది.

ఇక లోహిత. మునిప్రసాద్ భార్య. డిగ్రీలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చదివి, బీయిడీ చేసి, నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు బయాలజీ చెబుతోంది. ఈ మధ్య గవర్నమెంటు టీచరు ఉద్యోగానికి పరీక్ష రాసి లిస్టులో పేరు తెచ్చుకుంది. గురువారం పొద్దున పది నుంచి ఒంటిగంట లోపల చిత్తూరులోనే సర్టిఫికెట్ల వెరిఫికేషన్. ఒరిజినల్స్ చూపించకపోతే ఆ పేరు కొట్టేసి కింది పేరు పిలుస్తారు. ఆ ఒరిజినల్స్ అన్నీ ఒక నీలం ఫైలులో ఉన్నాయి, ఆ ఫైలు ఆమె చెక్క బీరువాలో ఉంది.

ఆదివారం పొద్దున ఫైలు తీసుకుందామని ఆమె తాళంచెవి పెడితే అది సగం కూడా దిగలేదు. వంగి చూసింది. తాళం కన్నం అంచుల నిండా తడి మట్టి. జడలోంచి పిన్ను తీసి గోకబోయింది.

"మే, ఆగు. ఏందది?" అంటూ మునెమ్మ వచ్చింది.

"మట్టి అత్తా. ఏదో గూడు పెట్టినట్టుండాది. తీసేస్తా."

సరిగ్గా అప్పుడే ఒక పురుగు వచ్చి కన్నం మీద వాలింది. నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్లటి చారలు, వెనక్కి పోనుపోను సూదిలా సన్నబడిన తోక. అటూ ఇటూ చూసి, సొంత ఇల్లే అన్నట్టు లోపలికి దూరింది. మునెమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కందిరీగ మే అది. పిన్ను ఈడ పెట్టు. ఇంట్లో కందిరీగ మట్టిగూడు కట్టిందంటే ఏమో తెలుసునా నీకు?"

తెలియకేం? మా వైపు అందరికీ తెలుసు. కందిరీగ ఇంట్లో గూడు కడితే ఆ ఇంటి కోడలు నీళ్ళోసుకుంటుందని పెద్దలు చెబుతారు. ఆ గూడు పగలగొడితే కడుపు నిలవదని కూడా చెబుతారు. లోహిత పెళ్ళై మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మునెమ్మ మొక్కని దేవుడు లేడు, అడగని డాక్టరు లేడు. అలాంటిది కందిరీగ తనంతట తాను పిలవకుండా వచ్చి, ఊరంతా వదిలేసి కోడలి బీరువాలోనే గూడు కడితే, దాన్ని జడపిన్నుతో గోకనిస్తుందా?

"అది కందిరీగ కాదత్తా," అంది లోహిత నెమ్మదిగా. "అదీ తేనెటీగల జాతే, వేషం మాత్రం కందిరీగది. ఈ గూడు దానిది కూడా కాదు. కట్టింది ఇంకో తేనెటీగ. అది బయటికి పోయినప్పుడు సూసి, ఇది దూరి గుడ్డు పెట్టి పోతాది. మొకం చూడొద్దు, తోకా చూడొద్దు. ఏం తెస్తా ఉండాదో చూడండి. పచ్చపురుగును పట్టుకొస్తే కందిరీగ. పసుప్పచ్చ పుప్పొడి తెస్తే తేనెటీగ. ఉత్తచేతుల్తో వస్తే దొంగ."

ఎంత చక్కగా చెప్పిందో చూశారా? అయినా ఆ మాటలో పెద్ద లోపం ఉంది. శాతం లేదు! యాప్ ఏది చెప్పినా ఇంత శాతం అని చెబుతుంది. ఈమె ఎన్ని శాతాల మీద మాట్లాడుతోందో ఎవరికి తెలుసు? పైగా ఆమె ఈ సంగతులు చదువుకున్నదని రుజువు చేసే కాగితాలు ఆ బీరువాలోనే ఉన్నాయి. తీసి చూపించమందామంటే తాళం కన్నంలో కందిరీగ ఉంది. ఇంట్లోవాళ్ళు ఆమె మాట నమ్మలేదంటే వాళ్ళను తప్పుపట్టడం న్యాయమేనా?

మునిప్రసాద్ ఫోను తీశాడు. ముందు నుంచి తీస్తే కందిరీగ, అరవై ఒక్క శాతం అన్నది యాప్. పక్క నుంచి తీస్తే తేనెటీగ, యాభై ఏడు శాతం అన్నది. ఫ్లాష్ వేస్తే రెక్కల చీమ అయింది. నాలుగోసారి ఫోటోలో మునిరామయ్య బొటనవేలు పడింది. దానికి యాప్ తడుముకోకుండా వేరుశనగ కాయ, తొంభై నాలుగు శాతం అని జవాబిచ్చింది. అంత శాతం ఇంకదేనికీ రాలేదు.

"అరవై ఒకటి పెద్దదా, యాభై ఏడు పెద్దదా?" అని అడిగాడు మునిరామయ్య.

"అరవై ఒకటి నాయనా."

"అయితే ప్రస్తుతానికి కందిరీగ. రేపటికి వాయిదా."

"గురువారం నాకు వెరిఫికేషన్ మామా," అంది లోహిత.

"ఇంకా నాలుగు దినాలుండాయిలే తల్లీ," అన్నాడాయన. కోర్టుకు అలవాటైన మనిషికి నాలుగు రోజులంటే ఒక ఆవలింత.

మధ్యాహ్నం కల్లా ఫోటో కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. అందులో నలభై ఒక్క మంది. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే రఘునాథ్ బావ, నిమ్మరసం చల్లితే ఏ పురుగైనా పోతుందని రాశాడు. ఆయన జ్వరానికీ, జుట్టు రాలడానికీ కూడా అదే చెబుతాడు. నగరి నుంచి మహిత పిన్ని ఫోటో మాత్రమే చూసి, మాటలు చదవకుండా 'శుభాకాంక్షలు తల్లీ' అని పూలగుత్తి పెట్టింది. అంతే! ఒకరి వెనక ఒకరు ముప్పై పూలగుత్తులు. సాయంత్రానికి పేర్ల మీద చర్చ మొదలైంది. మట్టి ఎర్రగా ఉంటే ఆడపిల్ల అని ఒకరు, కాదు నల్లగా ఉంటేనే ఆడపిల్ల అని ఒకరు. మట్టి గోధుమ రంగులో ఉండటం వల్ల తీర్పు కుదరలేదు.

లోహిత ఆ గ్రూపు చదివి ఫోను బోర్లించి పెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం మునిప్రసాద్ చూశాడు. అతనికి చాలా జాలి వేసింది. ఆ జాలితో ఇంకో రెండు ఫోటోలు తీశాడు.

మునెమ్మ బీరువా ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. గూటి పక్కన చెక్క మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఇంట్లో దోమల బత్తి వెలిగించకూడదన్నది. ఫ్యాను ఒకటో నంబరు దాటకూడదన్నది. ఒక కందిరీగ సుఖం కోసం ఆ ఇంటి మీద ఎన్ని దోమలు వాలాయో వాటిని ఏ యాపూ లెక్కపెట్టలేదు. భోజనం కూడా కుర్చీలోనే. రాత్రి మంచం కూడా అక్కడికే.

సోమవారం వాయిదా మంగళవారానికి పడింది. మంగళవారం మునిప్రసాద్ అంగడి మూసి కూర్చుని, ఎవరెవరినో అడిగి, తిరుపతిలో యోగానంద అనే రిటైర్డ్ ప్రొఫెసరు ఉన్నాడనీ, ముప్పై ఏళ్ళు ఈగల మీదే పరిశోధన చేశాడనీ కనుక్కున్నాడు. ఫోను చేస్తే ఆయన గురువారం పొద్దున రమ్మన్నాడు. మునిప్రసాద్ సంతోషంగా సరేనన్నాడు.

"గురువారమే కదా నాది," అంది లోహిత.

మునిప్రసాద్ ఒక్క క్షణం తడబడ్డాడు. తరవాత ధైర్యం తెచ్చుకున్నాడు. "మేం ఆరుగంటల బస్సుకు పోతాం. ఎనిమిదికి ఆడ ఉంటాం. ఆయన తేనెటీగ అన్నాడంటే తక్షణం నీకు ఫోన్ కొడతా. నువ్వు పిన్నుతో తీసేసి, ఫైలు తీసుకోని పో. పదికి ముందే అయిపోతాది."

"కందిరీగ అంటే?"

దానికి జవాబు మునెమ్మ దగ్గర ఉంది. "అంటే ఇంగ ఉద్యోగమెందుకు మే? ఇంట్లో బిడ్డ ఉంటాది కదా."

లోహిత వంటింట్లోకి వెళ్ళింది. ఆ రాత్రి ఆమె భర్తతో ఒకే మాట అంది. "ఈ పరీక్ష కోసం నేను మూడేండ్లు చదివినాను. నీకు తెలుసు." అతనికి తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంటింట్లో దీపం కింద చదువుతుంటే చూశాడు. ఆమె పాఠాలు అప్పజెబుతుంటే పుస్తకం పట్టుకుని తప్పులు చూసినవాడూ అతనే. అతను తల ఊపి, ఫోను చార్జింగులో పెట్టడం మరచిపోయి పడుకున్నాడు. ఫోన్లు బాగుచేసేవాడి ఫోను ఎప్పుడూ అంతే.

బుధవారం మధ్యాహ్నం ఒక చిన్న సంఘటన జరిగింది. మునెమ్మ అన్నానికి లేచినప్పుడు మునిప్రసాద్ కాపలా కూర్చున్నాడు. పెరట్లో చిక్కుడు పందిరి వైపు నుంచి కిటికీలోంచి ఒక ఈగ వచ్చింది. గోధుమ రంగు, బొద్దుగా, ఒళ్ళంతా నూగు, పొట్ట కింద పసుపు అద్దినట్టు పచ్చటి పొడి. ఎక్కడిదో ఈ బొద్దు ఈగ, పాపం కందిరీగ గూట్లో దూరి పాడుచేయబోతోందని మునిప్రసాద్ తువ్వాలుతో దాన్ని తరిమాడు. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ తరిమాడు. ఏడుసార్లు వచ్చింది. ఏడుసార్లూ తరిమాడు. అది అలసిపోయి కిటికీ మీద కూర్చున్నప్పుడు సూదితోకది వచ్చి, ఎవరి అడ్డూ లేకుండా లోపలికి దర్జాగా వెళ్ళింది. దాన్ని చూసి మునిప్రసాద్ గౌరవంగా పక్కకు జరిగాడు.

ఈ కాపలా సంగతి గుర్తుపెట్టుకోండి. అతను తరవాత దీన్ని తలుచుకుని చాలా బాధపడ్డాడు.

గురువారం తండ్రీ తల్లీ కొడుకూ ముగ్గురూ తిరుపతి బస్సెక్కారు. మునెమ్మ ఎందుకంటే, "మీరిద్దరూ పోయి ఆడ టిఫిన్ తినేసి, ఏందో ఒకటి చెప్తారు. ఆయన నోట్లో మాట నేనే వినాల." బయల్దేరేముందు కోడలికి నాలుగుసార్లు చెప్పింది. "గూడు జాగ్రత్త మే. ఒక్క రవ్వ మట్టి రాలకూడదు." లోహిత సరేనంది.

ఎనిమిదింటికి ప్రొఫెసరు ఇంటి ముందున్నారు. ఆయన లేడు. వాకింగుకు వెళ్ళాడు. వచ్చాడు, స్నానం చేశాడు. పూజలో కూర్చున్నాడు. పొద్దున రమ్మన్నప్పుడు పొద్దున అంటే ఎప్పుడని అడగనిది మనవాళ్ళ తప్పే కదా! వసారాలో కూర్చుని మునిప్రసాద్ గ్రూపులో వస్తున్న ప్రశ్నలకు జవాబులు రాశాడు, వీడియో తీసి పెట్టాడు, యాప్‌లో మరోసారి వెతికాడు. పది దాటింది. పదిన్నర దాటింది. ముందు రాత్రి కూడా చార్జింగు మరచిన ఫోను రెండు శాతానికి వచ్చి, ఒకసారి వణికి, ఆరిపోయింది. ఆ అయిదు రోజుల్లో అది చెప్పిన శాతాల్లో తప్పు లేనిది ఆ ఒక్కటే. మునిరామయ్య ఫోను ఇంట్లో టీవీ మీద ఉంది. మునెమ్మకు ఫోను లేదు, ఆవిడకు అవసరం కూడా లేదు.

పన్నెండింటికి ప్రొఫెసరు యోగానంద కళ్ళజోడు పెట్టుకుని బయటికి వచ్చాడు. మునిప్రసాద్ ప్రింటు తీయించిన ఫోటోలు, ఒక కాగితం ఇచ్చాడు. కాగితం మీద వచ్చిన అభిప్రాయాలన్నీ వరసగా రాశాడు. యాప్ మాట, రఘునాథ్ బావ నిమ్మరసం, పెద్దల మాట. అన్నిటికంటే అడుగున, చోటు మిగిలింది గనక, 'ఇంట్లోవాళ్ళు: వేషం కందిరీగది, జాతి తేనెటీగది, ఏం తెస్తోందో చూడాలట' అని రాశాడు.

ప్రొఫెసరు ఫోటోలు ఒక్క నిమిషం చూశాడు. కాగితం తీసి అడుగు వరస కింద గీత గీశాడు.

"ఇదే సరైన మాట. ఇది కందిరీగ కాదమ్మా. చూడటానికి అలా ఉంటుంది, అంతే. కందిరీగయితే పిల్లల కోసం పురుగులు పట్టుకొస్తుంది. మామూలు తేనెటీగయితే పుప్పొడి తెస్తుంది. దీని ఒంటి మీద పుప్పొడి మోసే నూగు కూడా ఉండదు. మోసే పని లేదు కదా. ఎవరో కష్టపడి గది కట్టి, తిండి కూడబెడితే, ఆ గదిని ఈ సూదితోకతో చీల్చి గుడ్డు పెట్టి పోతుంది. దీని పిల్ల ఆ ఇంటి పిల్లను చంపి, తిండంతా తను తింటుంది."

"దానికి కుంకుమ బొట్టు పెట్టినానే," అంది మునెమ్మ.

"అయితే గూడు కట్టినది..." అంటూ మునిప్రసాద్ ఆగిపోయాడు.

"గోధుమ రంగులో బొద్దుగా ఉంటుంది. పొట్ట కింద పచ్చగా పుప్పొడి ఉంటుంది. ఈపాటికి మీరు చూసే ఉంటారు."

మునిప్రసాద్ తన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడుసార్లు అన్న మాట అతను నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఇంతకీ ఈ ఆఖరి మాట రాసిందెవరు?" అని అడిగాడు ప్రొఫెసరు.

"మా కోడలు సార్," అన్నాడు మునిరామయ్య. "బయాలజీ టీచరు."

"ఆమె ఇంట్లో ఉండగా డెబ్బై కిలోమీటర్లు నా దగ్గరికి ఎందుకొచ్చారు?"

ముప్పై ఒక్క ఏళ్ళ కోర్టు అనుభవంలో మునిరామయ్యకు వాయిదా వేయడానికి వీల్లేని ప్రశ్న ఎదురవడం ఇదే మొదలు. ఆయన తల పైకెత్తాడు. గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది.

మునిప్రసాద్ ప్రొఫెసరు ఫోను అడిగి తీసుకుని భార్యకు ఫోను చేశాడు. స్విచాఫ్. మళ్ళీ చేశాడు. స్విచాఫ్. ఏడ్చి ఆపేసి ఉంటుందనుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా పోయి చెప్పి, ఆమె పిన్నుతో గోకి ఫైలు తీసినా, ఒంటిగంటలోపు చేరే దారి లేదు. కింది పేరు పిలిచేసి ఉంటారు.

తిరుగు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో కూర్చున్నారు. మునిప్రసాద్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆదివారం పొద్దున ఆమె చెప్పిన మాటలే ప్రొఫెసరు చెప్పాడు, ఇంచుమించు అవే మాటలు. ఆ మాటలు తమ ఇంట్లో జడపిన్ను పట్టుకుని నిలబడ్డ మనిషి చెబితే నాలుగు రోజులు చెవికెక్కలేదు. తిరుపతిలో గడ్డం ఉన్న మనిషి చెబితే నిమిషంలో ఎక్కాయి. మూడేళ్ళు పుస్తకం పట్టుకుని ఆమె పాఠం విన్నవాడు తనే. చెప్పింది తప్పో ఒప్పో ఎన్నోసార్లు తనే చూశాడు.

"నేనే కదా కుర్చీ ఏసుకోని కూర్చున్నా," అంది మునెమ్మ పాకాల దాటాక, కిటికీలోకి చూస్తూ.

మూడింటికి వీధిలోకి వచ్చారు. ఎదురింటి తిరుమలమ్మ గడపలో బియ్యం ఏరుకుంటోంది. "తిరుపతి పోయొస్తా ఉండారంటనే మునెమ్మక్కా. లడ్డు యాడ?" అని అడిగింది. మునెమ్మ నేరుగా ఇంట్లోకి నడిచింది.

బీరువా గోడకు జానెడు దూరం జరిగి ఉంది. గూడు ఉన్నది ఉన్నట్టే ఉంది. కుంకుమ బొట్టు కూడా చెదరలేదు. దాని పక్కన కిటికీ రెక్క బార్లా తెరిచి ఉంది. గోధుమ రంగు బొద్దు ఈగ ఎవరూ తరమకుండా లోపలికి వెళ్ళి, ఖాళీ పొట్టతో బయటికి వచ్చి, చిక్కుడు పందిరి వైపు ఎగిరిపోయింది.

లోహిత మంచం మీద కూర్చుని ఉంది. ఇంకా బయటికి వెళ్ళిన చీరలోనే ఉంది. ఒళ్ళో నీలం ఫైలు.

"పోయినావా?" అన్నాడు మునిప్రసాద్.

"పోయినా. పన్నెండున్నరకు అయిపోయింది. హాల్లో ఫోన్లు ఆపమన్నారు. అన్నీ సరిగ్గా ఉండాయన్నారు."

"బీరువా ఎట్ల తెరిచినావు?"

"తెరవల్యా. చేసినాయన్ని పిలిచినాను." ఆ బీరువా చేసింది వెనక వీధి ప్రేమానందం. లోహిత పెళ్ళికి ముందు ట్యూషన్లు చెప్పిన డబ్బుతో ఆయన చేత చేయించుకుంది. "ఆరుంబావుకు మీ బస్సు పోయింది. ఏడుకు ప్రేమానందం మామ వచ్చినాడు. బీరువా మెల్లగా ముందుకు జరిపి, వెనక ప్లైవుడ్డుకు ఉండే ఆరు స్క్రూలు తీసినాడు. ఫైలు తీసుకోని మళ్ళీ బిగిచ్చినాడు. ఒక్క రవ్వ మట్టి రాలలేదు అత్తా, సూసుకో."

"వెనక స్క్రూలుంటాయని నాకు చెప్పుంటే..." అన్నాడు మునిప్రసాద్.

"ఆ గూడు ఎవరిదో ఊరంతా అడిగినారు. బీరువా ఎవరిదని ఒక్కరన్నా అడిగినారా?" ఆమె గొంతు పెంచలేదు. "అడిగింటే ఆదివారమే చెప్పేదాన్ని."

మునెమ్మ గడపలోనే నిలబడింది. ఏం తెస్తా ఉండాదో చూడమన్న కోడలి మాట గుర్తొచ్చిందేమో, కొడుకు చేతులు చూసింది. మొగుడి చేతులు చూసింది. తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. పొద్దున అయిదింటికి లేచి, డెబ్బై కిలోమీటర్లు పోయి, డెబ్బై కిలోమీటర్లు వచ్చిన ఆ ఆరు చేతుల్లో లడ్డు కూడా లేదు. అప్పుడు వెళ్ళి బీరువా ముందున్న ప్లాస్టిక్ కుర్చీ తీసి పెరట్లో పెట్టింది. వచ్చి కోడలి పక్కన కూర్చుని, "తిన్నావా మే?" అని అడిగింది. మూడేళ్ళలో ఆవిడ కోడలిని ఆమె గురించే, జవాబు కోసం అడిగిన మొదటి ప్రశ్న అదే అని మునిప్రసాద్ నాకు చెప్పాడు.

రాత్రి ఫోను చార్జింగులో పెడితే వెలిగింది. గ్రూపులో మూడువందల పన్నెండు మెసేజీలు. అడుగున, ఫోను ఆరిపోయాక హాల్లోకి వెళ్ళబోతూ భార్య చేసిన మిస్డ్ కాల్స్ నాలుగు. వాటన్నిటి మీద యాప్ ఒక ప్రశ్న అడుగుతోంది. ఈ సమాచారం మీకు ఉపయోగపడిందా? మునిప్రసాద్ చాలాసేపు ఆలోచించి 'అవును' నొక్కాడు.

నేనయినా అదే నొక్కుతాను. ఆలోచించి చూడండి. ఆ యాప్ అరవై ఒకటి అనీ యాభై ఏడు అనీ అందరినీ తికమక పెట్టకపోయుంటే ప్రొఫెసరు అవసరమే వచ్చేది కాదు. గురువారం పొద్దున ముగ్గురూ ఇంట్లోనే ఉండేవాళ్ళు. ఒకరు కుర్చీలో, ఒకరు వాయిదాలో, ఒకరు ఫోటోలో. లోహిత ఇప్పటికీ ఆ బీరువా ముందు జడపిన్ను పట్టుకుని నిలబడి ఉండేది. చదువుకున్న ఆడమనిషికి ఒక్క పూట ఇల్లు ఖాళీ చేసి ఇవ్వడం కంటే ఆ యాప్ చేయగల గొప్ప సేవ ఇంకేముంది?

కాబట్టి అయ్యలారా, వెంటనే మీ ఫోన్లో కూడా వేసుకోండి. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు, మీరందరూ కాసేపు ఎటైనా వెళితే తన పని తాను చేసుకుందామని చూస్తూ ఉండి ఉంటారు. ఫోను పట్టుకుని ఏదో ఒక ఈగ వెంట బయల్దేరండి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం దయచేసి ఉత్తచేతులతో రాకండి.